పాట అందరిదీ... ఊరు ఎవరిది?

అమెరికా పల్లెల్లో ‘కంట్రీ’ పాటలు వినిపించే చిన్న చిన్న రేడియో స్టేషన్లు, వందల స్టేషన్లున్న కంపెనీల పక్కన ఎలా నెగ్గుకొస్తున్నాయి? పశువుల సంత ధర, చావు కబురు, శుక్రవారం రాత్రి స్కూలు ఫుట్‌బాల్... వాళ్ల అస్త్రాలన్నీ పాటకు బయటే ఉన్నాయి.

ఉదయం తొమ్మిది దాటింది. పాటలు రావాల్సిన స్టేషన్‌లో ఫోన్ మోగుతోంది. ‘‘ట్రాక్టర్ వెనక టైరు ఒకటుందండీ, సగం అరిగింది. నలభై డాలర్లిస్తే ఇచ్చేస్తా’’ అంటాడొక పెద్దాయన. నంబరు రెండుసార్లు నిదానంగా చెబుతాడు. తర్వాతి ఫోన్ ఒకావిడది. ఇంట్లో పెంచిన కోళ్ల గుడ్లున్నాయట, డజను మూడు డాలర్లు. గుడ్లు పెట్టే అట్టలు ఎవరి దగ్గరైనా ఊరికే పడుంటే తెచ్చిస్తే మరీ మంచిదట. ఆ వెనక తప్పిపోయిన కుక్క. ఆ తర్వాత, మనవరాలి కోసం పాత ఉయ్యాల ఎవరైనా అమ్ముతారా అని అడిగే తాతగారు. అరగంటసేపు ఒక్క పాటా రాదు. ఒక్కరూ స్టేషన్ మార్చరు.

అమెరికా పల్లె ప్రాంతాల్లో కారు రేడియో తిప్పుకుంటూ వెళ్తే ఎక్కడో ఒకచోట ఇలాంటి కార్యక్రమం తగులుతుంది. ఒక ఊళ్లో దాని పేరు ‘స్వాప్ షాప్’, ఇంకో ఊళ్లో ‘ట్రేడియో’, మరోచోట ‘పార్టీ లైన్’. ఖర్చు దాదాపు సున్నా. ఒక మనిషి, ఒక ఫోన్ లైను, ఓపిక ఉంటే చాలు. ఆ అరగంటలో యాడ్ వేయించుకుంటే ఊరు ఊరంతా వింటుందని హార్డ్‌వేర్ షాపు యజమానికీ తెలుసు, పశువుల దాణా అమ్మేవాడికీ తెలుసు. పాటల స్టేషన్‌కు పాటే లేని అరగంట ఎందుకంత బలమో తెలిస్తే, ఈ చిన్న స్టేషన్ల పోటీ సగం అర్థమైనట్టే.

అందరూ అదే పాట ఎందుకు వేస్తారు?

ఫిడేలు, బాంజో, స్టీల్ గిటార్... పొలం, ట్రక్కు, చర్చి, చెదిరిన ప్రేమ... స్థూలంగా కంట్రీ సంగీతం ఇదీ. అమెరికాలో ఎక్కువ స్టేషన్లున్న సంగీతం ఇదే. ఇప్పుడు వాటి సంఖ్య రెండు వేలకు పైమాటే. మొదటినుంచీ ఇలా లేదు. 1950ల మధ్యలో రాక్ అండ్ రోల్ ఉప్పెనలా వచ్చాక చాలా స్టేషన్లు ఫిడేలును పక్కనబెట్టేశాయి. దిక్కుతోచని, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగర పెద్దలు 1958లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ పెట్టుకున్నారు. వాళ్లు ముందుగా నచ్చజెప్పాలనుకున్నది శ్రోతలకు కాదు, ప్రకటనకర్తలకు. పల్లెపాట వినేవాళ్ల జేబుల్లోనూ డబ్బుంటుంది, వాళ్లూ కార్లు కొంటారు, సబ్బులు కొంటారు అని ఊరూరా చెప్పుకొచ్చారు. 1961లో రోజంతా కంట్రీ పాటలే వేసే స్టేషన్లు 81. దశాబ్దం తిరిగేసరికి 600 దాటాయి.

అలా పెరిగిన స్టేషన్లు పాప్ స్టేషన్ల దగ్గర ఒక పద్ధతి కూడా అరువు తెచ్చుకున్నాయి. హిట్టయిన కొద్ది పాటల్నే తిప్పి తిప్పి వేయడం. దాంతో ఒకే ఊళ్లో రెండు కంట్రీ స్టేషన్లుంటే రెండింట్లోనూ దాదాపు అవే పాటలు. వినేవాళ్లకు ఇది విడ్డూరం. లెక్కలు వేసేవాళ్లకు మాత్రం కాదు. పీటర్ స్టైనర్ అనే ఆర్థికవేత్త 1952లోనే రేడియో పోటీ మీద పరిశోధన పత్రం రాసి ఈ ముడి విప్పాడు.

ఆయన తర్కాన్ని చిన్న లెక్కలో పెడదాం. ఊళ్లో వంద మంది శ్రోతలున్నారు. కొత్త కంట్రీ పాటలు ఇష్టపడేవాళ్లు 70, పాతవి కోరేవాళ్లు 20, చర్చి పాటలవాళ్లు 10. మొదటి స్టేషన్ సహజంగా 70 వైపే వెళ్తుంది. రెండోది? పాత పాటలకు వెళ్తే 20 మంది. మొదటిదాన్ని అనుకరిస్తే 70లో సగం, అంటే 35. కాబట్టి అనుకరిస్తుంది. మూడోది కూడా అక్కడే దూరుతుంది, ఎందుకంటే మూడో వంతు వచ్చినా 23 మంది. నాలుగో స్టేషన్ వచ్చినప్పుడే పంపకం 20 కంటే తగ్గి, పాత పాటలవాళ్లకు దిక్కు దొరుకుతుంది. అప్పటికీ చర్చి పాటలవాళ్లు ఎదురుచూస్తూనే ఉంటారు. సంతలో మిర్చి బజ్జీల బండి పక్కనే ఇంకో మిర్చి బజ్జీల బండి వెలిసే లెక్కే ఇది.

పాటలో తేడా చూపలేనప్పుడు ఇక పోటీ పడాల్సింది ఎక్కడ? చిన్న స్టేషన్లు కనిపెట్టిన జవాబు: పాటకూ పాటకూ మధ్య ఖాళీలో.

బీమా ఏజెంటు చేతిలో ఫిడేలు

నిజానికి కంట్రీ రేడియోకు ఈ ఖాళీ విలువ పుట్టుకతోనే తెలుసు. షికాగోలో 1924లో ‘నేషనల్ బార్న్ డాన్స్’ మొదలుపెట్టిన డబ్ల్యూఎల్ఎస్ స్టేషన్, సియర్స్ అనే చిల్లర వర్తక సంస్థది. ‘ప్రపంచంలోకెల్లా పెద్ద దుకాణం’ అన్న ఇంగ్లిషు మాటల పొడి అక్షరాలే దాని పేరు. మరుసటి ఏడు నాష్‌విల్‌లో వచ్చిన డబ్ల్యూఎస్ఎం ఒక బీమా కంపెనీది. ‘లక్షల మందికి మేం రక్ష’ అన్న నినాదంలోంచి ఆ మూడక్షరాలు తీశారు. 1925 నవంబరులో ఆ స్టేషన్‌లో మొదలైన జానపద వాద్యాల కార్యక్రమమే తర్వాత ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’గా ప్రపంచ ప్రసిద్ధమైంది. శనివారం రాత్రి ఆ పాటలు విన్న ఇంటి తలుపును వారంలో ఎప్పుడో బీమా ఏజెంటు తట్టేవాడు. ‘ఆప్రీ వాళ్లం’ అంటే తలుపు తెరుచుకునేది.

పెద్ద స్టేషన్లు ఇలా రాష్ట్రాలు దాటి వినిపిస్తుంటే, ఊరికొకటిగా పుట్టిన చిన్న స్టేషన్లు కొత్త గాయకులకు గుమ్మాలయ్యాయి. 1960లో లొరెటా లిన్ అనే బొగ్గుగని కార్మికుడి కూతురు తొలి పాట రికార్డు చేసింది. వెనక పెద్ద కంపెనీ లేదు. భర్తతో కలిసి రికార్డులూ ఫొటోలూ పోస్టులో పంపి, ఆ పైన కారెక్కింది. దారిలో రేడియో టవరు కనబడితే ఆగడం, లోపలికెళ్లి ‘నా పాట వేయండి’ అని అడగడం. తిండి రొట్టెల మధ్య పెట్టుకున్న చవక మాంసం ముక్కలు, నిద్ర కారులోనే. ఆ పాట బిల్‌బోర్డ్ కంట్రీ జాబితాలో 14వ స్థానం దాకా ఎక్కింది. అది సాధ్యమైందంటే కారణం ఒక్కటే. ప్రతి టవరు కిందా ఒక గది, ఆ గదిలో ‘సరే, వేస్తాను’ అనే అధికారమున్న మనిషి ఉండేవారు.

1996 తర్వాత

ఆ మనిషిని గదిలోంచి కదిలించింది 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం. అంతకుముందు ఒక కంపెనీకి దేశం మొత్తమ్మీద 20 ఏఎం, 20 ఎఫ్ఎం స్టేషన్లకు మించి ఉండకూడదు. చట్టం ఆ పరిమితిని ఎత్తేసింది. పెద్ద నగరంలో ఒకే యజమానికి ఎనిమిది దాకా అనుమతించింది. కొద్ది ఏళ్లలోనే క్లియర్ చానెల్ అనే కంపెనీ చేతిలో దాదాపు 1,200 స్టేషన్లు చేరాయి.

గొలుసు కంపెనీల వ్యూహం సూటిగా ఉంటుంది. ఒక జాకీ ఒకచోట కూర్చుని నాలుగైదు ఊళ్లకు మాటలు ముందే రికార్డు చేసిపెడతాడు. ఆ ఊరి పేరు, ఆ రోజు వాతావరణం ఇరికిస్తే స్థానికుడే మాట్లాడినట్టుంటుంది. దీన్ని ‘వాయిస్ ట్రాకింగ్’ అంటారు. రాత్రిళ్లు దేశమంతటికీ ఒకే కార్యక్రమం ఉపగ్రహం నుంచి దిగుతుంది. ఊళ్లో ఒక కంట్రీ స్టేషన్ చేతిలో ఉంటే రెండోది కూడా కొని, ఒకదాన్ని కొత్త పాటలకూ ఇంకోదాన్ని పాత పాటలకూ మళ్లిస్తారు. బయటివాడెవడైనా ప్రవేశిస్తే రెండువైపులా దారి మూసినట్టే. డాలస్‌లో కేఎస్‌సీఎస్, ‘వుల్ఫ్’ పేరుతో వచ్చే కేపీఎల్ఎక్స్ ఒకప్పుడు నువ్వా నేనా అన్న కంట్రీ స్టేషన్లు. తర్వాత రెండూ క్యుములస్ అనే ఒకే కంపెనీ గూటికి చేరాయి. ఆ నగర శివార్లలో మన తెలుగువాళ్లు ఆఫీసుకు వెళ్తూ కారులో అటూ ఇటూ మార్చే రెండు మీటల వెనకా ఒకే యజమాని.

ఇందులో వింత ఏమిటంటే, ఇలాంటి కలయికల వల్ల వైవిధ్యం తగ్గలేదు. స్టీవెన్ బెరీ, జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్తలు 1990ల లెక్కలు తీసి 2001లో చూపించింది, నగరాల్లో రకరకాల సంగీతాలకు చోటు పెరిగిందని. స్టైనర్ లెక్క ప్రకారం ఇదే జరగాలి మరి. రెండు స్టేషన్లూ తనవే అయినప్పుడు తన 70 మందిని తానే పంచుకునే తెలివితక్కువ పని ఎవరు చేస్తారు? రెండోదాన్ని 20 మంది వైపు తిప్పుతారు. పాటల రకాలు పెరిగాయి. తగ్గింది గదిలో మనిషి.

ఆ మనిషి లేకపోతే ఏమవుతుందన్న చర్చ నార్త్ డకోటాలోని మైనాట్ పేరు లేకుండా ముగియదు. 2002 జనవరి 18న అర్ధరాత్రి దాటాక ఆ ఊరి అంచున గూడ్సు రైలు పట్టాలు తప్పి అమోనియా వాయువు కమ్ముకుంది. ఒకరు చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ఊళ్లోని ఆరు వాణిజ్య స్టేషన్లూ క్లియర్ చానెల్‌వే. పోలీసులు ఫోన్ చేస్తే వెంటనే ఎత్తినవాళ్లు లేరు. హెచ్చరిక యంత్రాన్ని పోలీసులే సరిగా వాడలేదని కంపెనీ వాదించింది. తప్పెవరిదన్నది అలా ఉంచితే, మిగతా ఊళ్ల చిన్న స్టేషన్లకు మాత్రం ఒక అమ్మకపు మాట దొరికింది: ‘మా దగ్గర ఫోన్ ఎత్తే మనిషి ఉంటాడు’. ఊళ్లోనో దగ్గర్లోనో స్టూడియో ఉండి తీరాలన్న పాత నిబంధనను ప్రభుత్వ కమిషన్ 2017లో రద్దు చేశాక ఆ మాట విలువ ఇంకా పెరిగింది.

చిన్నవాళ్ల ఎత్తుగడలు

మొదటిది, ఊరి క్యాలెండరును పట్టుకోవడం. శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్ ప్రత్యక్ష వ్యాఖ్యానం ఏ స్టేషన్ చేతిలో ఉంటే ఆ సీజనంతా ఊరు దానిదే. బంతి పట్టుకున్న పదహారేళ్ల కుర్రాడి పేరు రేడియోలో వినబడితే వాళ్ల నాయనమ్మ దగ్గర్నుంచి మేనమామ దాకా అందరూ శ్రోతలే. వాళ్లలో ఒకరికి టైర్ల షాపుంటుంది, ఇంకొకరికి హోటల్. పొద్దున్నే చావు కబుర్లు, అంత్యక్రియల సమయాలు చదివే అలవాటు చాలా ఊళ్లలో ఇంకా ఉంది. సుడిగాలి సైరన్ మోగినప్పుడు పాటలన్నీ ఆపేసి, ఏ రోడ్డు మీదికి వస్తోందో చెప్పుకుంటూ కూర్చుంటారు. ఇవన్నీ దూరాన ఉన్న కంప్యూటరు చేయలేనివి.

రెండోది, అమ్మకం. శ్రోతల సంఖ్యను లెక్కగట్టే నీల్సన్ సంస్థ దేశంలో రెండొందలకు పైగా మార్కెట్లను కొలుస్తుంది. చాలా చిన్న ఊళ్లు ఆ జాబితాలో లేవు. అందువల్ల అక్కడ యాడ్ అమ్మేటప్పుడు చూపడానికి రేటింగ్ కాగితం ఉండదు. ‘మొన్న మీ షాపు యాడ్ విని ఎంతమంది వచ్చారు?’ అని యజమానిని అడగడమే రేటింగ్. స్టేషన్ ఓనరే పొద్దున మైకు ముందు కూర్చుని, మధ్యాహ్నం బ్యాగు తగిలించుకుని షాపులు తిరుగుతాడు. 30 సెకన్ల యాడ్ కొద్ది డాలర్లకే ఇస్తాడు. ట్రాక్టర్ల డీలరైతే, ప్రకటన ఖర్చులో కొంత తయారీ కంపెనీ భరించే పథకం ఉంటుందని గుర్తుచేసి, ఆ కాగితాలు తనే నింపిపెడతాడు. చేతిలో డబ్బు లేనివాడి దగ్గర టైర్లో, భోజనం కూపన్లో తీసుకుని యాడ్ వేస్తాడు. రేటు తగ్గించి దెబ్బకొట్టాలని గొలుసు కంపెనీ చూసినా, ఈ చాకిరీ చేయడానికి దాని జీతగాడికి ఓపిక ఉండదు.

మూడోది, అందరూ వదిలేసిన 20 మందిని మనసారా పట్టుకోవడం. నార్త్ కరోలినాలో కొండల దిగువన మౌంట్ ఎయిరీ ఉంది. 1948 ఫిబ్రవరిలో అక్కడ మొదలైన డబ్ల్యూపీఏక్యూ ఇప్పటికీ పాత తీగవాద్యాలు, బ్లూగ్రాస్, భక్తిపాటలే నమ్ముకుంది. ‘మెర్రీ గో రౌండ్’ అన్న దాని శనివారం కార్యక్రమంలో చుట్టుపక్కల ఊళ్ల వాయిద్యకారులు జనం ముందు కూర్చుని వాయిస్తారు. రాష్ట్ర సరిహద్దు దాటి కొండెక్కితే వర్జీనియాలో గేలాక్స్. అక్కడి పాత రెక్స్ థియేటర్ నుంచి డబ్ల్యూబీఆర్ఎఫ్ శుక్రవారం రాత్రి ఇలాంటి కచేరీనే ప్రసారం చేస్తూ వచ్చింది. ఒకరిది శుక్రవారం, ఇంకొకరిది శనివారం. ఫిడేలు పట్టేవాడికి రెండు చోట్లా పని, వినేవాడికి రెండు రోజుల పండగ. టెక్సస్‌లో హౌ అనే చిన్న ఊరి పేరు మీద లైసెన్సున్న ‘రేంజ్’ స్టేషన్ కూడా ఇదే దారి పట్టింది. డాలస్ దిగ్గజాలు పట్టించుకోని టెక్సస్ గాయకుల్నీ, పాత తరం కంట్రీనీ అది నెత్తిన పెట్టుకుంది.

నాలుగోది, యాజమాన్యమే ఆయుధం. నెబ్రాస్కా రైతులు 1949 మంచు తుపానులో కబురు అందక విలవిల్లాడారు. మనకే ఒక స్టేషన్ ఉండాలని సహకార పద్ధతిలో డబ్బు పోగేసి, 1951లో లెక్సింగ్టన్ నుంచి కేఆర్‌వీఎన్ ప్రారంభించారు. ‘నెబ్రాస్కా గ్రామీణ గొంతు’ అని దాని అర్థం. పశువుల ధరలు, ధాన్యం ధరలు, వాతావరణం, మధ్యలో కంట్రీ పాటలు. ఇప్పటికీ రైతులదే. వాటాదారుడూ శ్రోతా ఒకడే అయినచోట పోటీదారుకు చొరబడే సందు ఎక్కడిది? కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌ది ఇంకో కథ. ఆ ఊరి పాటకు పేరు తెచ్చిన గాయకుడు బక్ ఓవెన్స్ 1966లో అక్కడి కేయూజడ్‌జడ్ స్టేషన్‌ను తనే కొనేశాడు. పెద్ద కంపెనీల పద్ధతిని వాళ్లమీదికే తిప్పి, ఆయన సంస్థ పాత పాటలకు రెండో స్టేషన్ కూడా పక్కన నిలబెట్టుకుంది. 2006లో ఆయన పోయాక కూడా ఏళ్ల తరబడి అది కుటుంబ సంస్థ చేతిలోనే నడిచింది.

పక్క స్టేషన్ మీద గెలిచినా...

ఇన్ని ఎత్తులు వేసి పక్కవాడిని నెట్టేసిన స్టేషన్‌కు ఇప్పుడు తెలిసివస్తున్నదేమిటంటే, అసలు గండం పక్కవాడు కాదని. ఊరి హార్డ్‌వేర్ షాపు, బట్టల షాపు, మందుల షాపు మూతపడి వాటి చోట వాల్‌మార్ట్, డాలర్ జనరల్ వచ్చాయి. వాటి ప్రకటనల నిర్ణయం ఎక్కడో ప్రధాన కార్యాలయంలో జరుగుతుంది. అక్కడికి ఓనరు బ్యాగు తగిలించుకుని వెళ్లలేడు. పాత టైరూ గుడ్లూ ఫేస్‌బుక్‌లో ఫొటోతో సహా అమ్ముడవుతున్నాయి. పాట వినాలనుకున్న కుర్రకారుకు ఫోనుంది.

ఇంటర్నెట్‌లోకి మనమూ వెళ్దామంటే అక్కడో మెలిక. అమెరికా చట్టం ప్రకారం గాలిలో ప్రసారమైన పాటకు రచయితకూ స్వరకర్తకూ డబ్బు కడితే చాలు. అదే పాట ఆన్‌లైన్‌లో వెళ్తే గాయకుడికీ రికార్డు కంపెనీకీ కూడా కట్టాలి, అదీ వినేవాళ్ల తలల లెక్కన. శ్రోత పెరిగితే ఖర్చూ పెరిగే వ్యాపారం ఇది. మ్యాచ్ వ్యాఖ్యానానికీ చావు కబురుకూ ఆ బెడద లేదు. దూరాన స్థిరపడ్డ ఊరివాళ్లు ఆన్‌లైన్‌లో వెతుక్కుని వినేదీ వాటినే.

ఊరు చేతిలో ఉంటే అన్నీ మంచే అనుకోవడానికీ లేదు. 2024 ఫిబ్రవరిలో ఒక్లహోమాలోని ఏడా అనే ఊరి కంట్రీ స్టేషన్ కేవైకేసీకి బియాన్సే కొత్త పాట ‘టెక్సస్ హోల్డెమ్’ వేయమని ఒక అభిమాని మెయిల్ పెట్టారు. మాది కంట్రీ స్టేషన్, బియాన్సే పాటలు వేయం అని జవాబు. ఆ జవాబు దేశమంతా పాకింది, ఫోన్లు హోరెత్తాయి. ఆమె కంట్రీ పాట చేసిన సంగతి తమకు తెలియదని స్టేషన్ వివరణ ఇచ్చుకుని పాట వేసింది. అదే పాటతో ఆమె బిల్‌బోర్డ్ కంట్రీ పాటల జాబితాలో అగ్రస్థానానికి చేరిన తొలి నల్లజాతి మహిళ అయింది. 2015లో కీత్ హిల్ అనే రేడియో సలహాదారు, కంట్రీ స్టేషన్లకు మగ గాయకులు సలాడ్‌లో ఆకుల్లాంటివాళ్లు, ఆడవాళ్లు మధ్యమధ్య వేసే టమాటాలు అన్నట్టు మాట్లాడి తిట్లు తిన్నాడు. తన శ్రోత తనకు తెలుసన్న ధీమాయే చిన్న స్టేషన్ బలం. శ్రోత మారడని అనుకోవడం దగ్గరే అది బలహీనత అవుతుంది.

మన గాలిలో...

స్టైనర్ లెక్కకు మన నగరాలకంటే మంచి నిదర్శనం దొరకదు. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ... ఏ ప్రైవేటు ఎఫ్ఎం పెట్టినా సినిమా పాటే. తేడా చూపించే పని జాకీ నాలుకదే. పైగా మన ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను తిరిగి వినిపించవచ్చు, అంతే. అమెరికా చిన్న స్టేషన్ అసలు బతికేదే ఊరి వార్త మీద కాబట్టి, అక్కడి కిటుకు ఇక్కడ సగం చెల్లదు. ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమాలు విని పెరిగిన పాతతరానికి మాత్రం కేఆర్‌వీఎన్ కొత్తగా అనిపించదు. సంగారెడ్డి జిల్లా మాచునూరులో దళిత మహిళలు 2008 నుంచి నడిపిన సంఘం రేడియో, ఊరి మాటకు ఊరి గొంతే ఉండాలన్న సూత్రాన్ని చేసి చూపించింది. కాకపోతే మన కమ్యూనిటీ రేడియోకు వంద వాట్ల దగ్గర హద్దు, ప్రకటనలకు గంటకు ఇన్ని నిమిషాలని ఇంకో హద్దు. ఊరిని గెలిచినా దాన్ని ఆదాయంగా మార్చుకునే దారి ఇరుకు.

కొనేవాడికి ఏం కనిపిస్తుంది?

అమెరికా చిన్న స్టేషన్ల ఓనర్లలో చాలామందికి వయసు మీదపడుతోంది. పిల్లలు నగరాల్లో ఉద్యోగాలు చూసుకున్నారు. స్టేషన్ అమ్మకానికి పెడితే వచ్చేది ఇంకో గొలుసు కంపెనీ, లేదా దేశమంతా ఒకే భక్తిగీతాల ప్రసారం నడిపే క్రైస్తవ నెట్‌వర్క్. బేరం టవరుకు, ట్రాన్స్‌మిటర్‌కు, లైసెన్సుకు, గడచిన ఏళ్ల ఆదాయానికి జరుగుతుంది. ఏ షాపు యజమానికి ఏ నెలలో చేతిలో డబ్బాడదో, ఏ కుటుంబం చావు కబురు ఎలా చదివితే నొచ్చుకోదో ఆ కాగితాల్లో ఉండదు. అది ఓనరు తలలో ఉంటుంది, ఓనరుతోపాటే వెళ్లిపోతుంది. గొలుసు కంపెనీని నిలువరించిన బలం ఒక మనిషిలో ఉండిపోవడమే ఈ స్టేషన్లకు మిగిలిన చిక్కు. నెబ్రాస్కా రైతులు వాటా పత్రాలతో 1951లోనే దానికి ఒక విరుగుడు చూపించారు. మిగతా ఊళ్లు స్టేషన్ అమ్ముడయ్యే లోపు ఆ పని చేస్తాయా, అమ్ముడయ్యాక తీరిగ్గా బాధపడతాయా అన్నదే ఇప్పటి ప్రశ్న.